గాలి పీల్చే తీగ

పోయిన వారం బండ్ల వైరింగు చేసే సోమయ్య నడి సందులో నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు. "ఈ జిప్సీ బండిల తప్పు నా జాయింట్‌దని తేలితే, ఇగ జన్మల సోల్డరింగ్ ఐరన్ ముట్ట" అన్నాడు. పక్క దుకాణం వాళ్ళు విన్నారు, టీ బండి దగ్గరి వాళ్ళు విన్నారు, వినని వాళ్ళకు విన్నవాళ్ళు చెప్పారు. రాణిగంజ్ వెనక సందుల్లో మాట పాకినంత తొందరగా స్పేర్ పార్టు కూడా దొరకదు.

గొడవంతా మారేడ్‌పల్లి ఇంద్రజ గారి జిప్సీ గురించి. మిలిటరీ వేలంలో కొని, కొండ దారుల పోటీలకని ముచ్చటపడి తయారు చేయించుకుంటున్న బండి అది. దానికి సైలెన్సర్ల పని చేసే ఓంప్రకాశ్ కొత్త గొట్టం బిగించాడు. పాత గొట్టంతో పోలిస్తే కొత్తదాంట్లో ఆక్సిజన్ సెన్సర్ కూర్చునే చోటు మూరెడు వెనక్కి జరిగింది. ఇంజిన్ వదిలే పొగను రుచి చూసి, పెట్రోలు ఎక్కువైందనో తక్కువైందనో బండి కంప్యూటర్‌కు చాడీలు చెప్పే చిన్న సామాను అది. కొత్త సెన్సర్ వేశారు, దాని తీగ అందకపోతే సోమయ్య పొడిగించాడు. అప్పటి నుంచీ బండి నీళ్ళు తాగినట్టు పెట్రోలు తాగుతోంది, నల్లగా పొగ కక్కుతోంది, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అలాగే వెళ్ళింది. గొట్టం కారుతోందని సోమయ్య, తీగ చెడిందని ఓంప్రకాశ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం, కానీ ఆడలేనిది ఎవరో తేలడం లేదు.

ఇద్దరిదీ ఒకే రేకుల షెడ్డు. ఇరవై ఆరేళ్ళుగా ఎడమ పక్క గొట్టాలు, కుడి పక్క తీగలు, మధ్యలో గోడ లేదు. నిన్న ఓంప్రకాశ్ గోడ కోసం ఇటుకలు దింపించాడు.

ఇక మిగిలింది యామిని. సోమయ్య దగ్గర ఏడేళ్ళుగా పని చేస్తున్న శిష్యురాలు, ఆయన తర్వాత ఆయనంతటిది కావలసిన మనిషి. సెన్సర్ వచ్చిన ఖాళీ అట్టపెట్టె అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి ఆమె కంటబడింది. అందులో సోల్డరింగ్ ఐరన్ బొమ్మ వేసి, దాని మీద ఎర్రగా అడ్డంగా గీత కొట్టి ఉంది. కింద చీమల్లాంటి అక్షరాలు చదివేసరికి ఆమెకు ముచ్చెమటలు పోశాయి. ఆ కాగితం ఇప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది.

శుక్రవారం పొద్దున మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తున్నంతసేపూ యామిని ఆ బ్యాగును ఒళ్ళోంచి దించలేదు. కాగితం బయట పెడితే ఉస్తాద్ సోమయ్య ఒట్టు ఆయన చేతికే సంకెళ్ళు వేస్తుంది. దాచిపెడితే ఏ తప్పూ చెయ్యని ఓంప్రకాశ్ దోషి అవుతాడు, గోడ లేస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమెకు కప్పా కావాలి, పామూ కావాలి. అదీ ఇబ్బంది.

సోమయ్య చేతిని చూసినవాళ్ళకు గానీ ఆమె బాధ అర్థం కాదు. అరవై నాలుగేళ్ళ మనిషి. తండ్రి రైల్వే సిగ్నళ్ళ కేబుళ్ళు అతికేవాడు. పద్నాలుగో ఏటనే కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క సూత్రం నూరిపోశాడు. "జాయింట్ లోపలికి గాలి సుత దూరొద్దు. గాలి దూరితే తేమ దూరుతది, తేమ దూరితే రైలు ఆగుతది." యాభై ఏళ్ళుగా సోమయ్యకు అదే వేదం. తీగ చివర ఒలిచి, రాగి పోగులను వేళ్ళతో విడదీసి, రెండు చివర్లనూ జడ అల్లినట్టు కలిపి, మెలితిప్పి, కింద ఐరన్ పెట్టి పైనుంచి టంకం తాకిస్తాడు. తీగ వేడెక్కి తనంతట తానే టంకాన్ని లోపలికి లాగేసుకుంటుంది. ఆ పైన గమ్ ఉన్న ప్లాస్టిక్ స్లీవ్ తొడిగి వేడి చేస్తాడు, దాని మీద మైనం పట్టించిన దారం చుడతాడు. ఆయన వేసిన జాయింట్ వానకు తడిసినా, గుంతల్లో ఎగిరినా, ఎలుక కొరికినా ఊడిన దాఖలా లేదు. ఎలుక పక్కన కొరుకుతుందట, జాయింట్ జోలికి రాదట. ఈ మాట టీ బండి వాళ్ళది, నిజమో కాదో ఎలుకకే తెలియాలి.

యామిని పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని రెండు నెలల ట్రైనింగుకని వచ్చింది. ఆడపిల్ల బండి కింద పడుకుంటుందా అని సందంతా నవ్వింది. సోమయ్య మాట్లాడకుండా తన చాప తెచ్చి బండి కింద పరిచి, "పండుకో బిడ్డా, ఇక్కడినుంచి చూస్తేనే ఇంజిన్ మంచిగ కనవడ్తది" అన్నాడు. ఆ రెండు నెలలు ఏడేళ్ళయ్యాయి.

ఆమె వచ్చేసరికి ఆయన బల్ల తుడుచుకుంటున్నాడు. ఐరన్ ప్లగ్గులో పెట్టి ఉంది. అవతల ఓంప్రకాశ్ కంప్రెసర్‌కు పైపు తగిలిస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా పని చేసుకోవడానికి ఎంత అవస్థ పడుతున్నారో చూస్తే యామినికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

పదిన్నరకు జిప్సీ వచ్చింది. ఇంద్రజ దిగింది. ముప్ఫై ఏడేళ్ళ మనిషి, వాళ్ళది కాకినాడ, తాతల నాడే ఇక్కడికి వచ్చారు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం బురదలో బండి తోలితే తప్ప ఊపిరాడని రకం.

"సోమయ్య గారూ, ఎల్లుండి పొద్దున అనంతగిరిలో ఉండాలండి. ఇవాళ కూడా కుదరకపోతే పోటీలోంచి పేరు తీసేయించుకుంటాను. ఇంకేం చేస్తాను చెప్పండి?" అంది. కోపంగా కాదు, అలసటగా.

"ఎక్కడ వస్తున్నది మేడమ్ లైటు?" అని అడిగింది యామిని.

"అదే చిత్రమండి. ఇంట్లో బయల్దేరినప్పుడు శుభ్రంగా ఉంటోంది. బోయిన్‌పల్లి చేరేసరికి మొదలు. సాయంత్రం దాకా ఆపి ఉంచి మళ్ళీ తీస్తే మళ్ళీ బాగుంటుంది, మళ్ళీ పది నిమిషాలకు అదే తంతు."

యామిని బ్యాగును దగ్గరికి లాక్కుంది. కాగితంలో చిన్న అక్షరాలు చెప్పింది సరిగ్గా ఇదే.

"ముందుగాల నా గొట్టం చూడున్రి" అన్నాడు ఓంప్రకాశ్ గట్టిగా, ఇంద్రజకు చెబుతున్నట్టు సోమయ్యకు వినిపిస్తూ. గొట్టం చివర గుడ్డ కుక్కాడు. కంప్రెసర్ గాలి లోపలికి వదిలాడు. సబ్బు నురగ కలిపిన డబ్బా తీసుకుని, సున్నం వేసే బ్రష్షుతో ఒక్కొక్క అతుకు మీదా పూసుకుంటూ పోయాడు. ఎక్కడ చిల్లున్నా నురగ బుడగ కట్టాలి. అందరూ వంగి చూశారు. ఒక్క బుడగ లేదు.

"ఇంకోపారి పుయ్యాల్నా?" అన్నాడు ఓంప్రకాశ్.

సోమయ్య టార్చి అందుకున్నాడు. చాప పరుచుకుని బండి కిందికి జరిగాడు. టార్చి వేసి అతుకులన్నీ వేలితో తడిమాడు. సెన్సర్‌కు ముందున్న అతుకు దగ్గర చాలాసేపు ఆగాడు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, "పైపుల తప్పు లేదు. పని మంచిగున్నది" అన్నాడు.

వారం నుంచి గొట్టాన్ని తిట్టిన నోరే ఇంత తేలిగ్గా ఆ మాట అనేస్తుందని ఓంప్రకాశ్ అనుకోలేదు. చేతిలో బ్రష్షు ఎక్కడ పెట్టాలో తెలియక డబ్బాలోనే ముంచుకుంటూ నిలబడ్డాడు.

"ఇగ నా తీగ చూడాలె. మీటర్ పెట్టు యామినీ."

ఆమె మీటరు తగిలించింది. ఇంజిన్ స్టార్టయింది. వేడెక్కాక మీటరు అంకెలు ఆడటం మొదలుపెట్టాయి. పాయింట్ రెండు, పాయింట్ ఎనిమిది, పాయింట్ ఒకటి, పాయింట్ తొమ్మిది. పొగను రుచి చూస్తున్న సెన్సర్ అలాగే ఊగాలి, ఊగితేనే ఆరోగ్యం. సోమయ్య ముఖం విచ్చుకుంది. ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. పదో నిమిషం దాటాక ఊపు తగ్గింది. పాయింట్ ఆరు దాటడం లేదు. తర్వాత పాయింట్ నాలుగు. తర్వాత పాయింట్ ఒకటి దగ్గర కూలబడిపోయింది. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది, గొట్టంలోంచి పెట్రోలు కంపు కొట్టింది.

"ఇదేందీ! జెర జెర ఊపిరి ఆగినట్టు ఆగింది" అన్నాడు సోమయ్య, తనలో తాను.

నిజానికి అంత దగ్గరికొచ్చిన మనిషిని చూసి యామిని ఇక ఉండబట్టలేకపోయింది. బండి ఆపేసి లేచి నిలబడింది. నోట్లోంచి వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు.

"ఉస్తాద్, ఆ జాయింట్లు నేనేసిన. ఆ రోజు మీరు టీకి పోయిన్రు గదా, మీరు వచ్చేలోపల నేనే చేసి స్లీవ్ తొడిగిన. తప్పు నాది. మీ ఒట్టుకు దీనికి సంబంధం లేదు."

ఓంప్రకాశ్ కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. ఇంద్రజ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సోమయ్య మాత్రం విననట్టే మళ్ళీ చాప మీద పడుకున్నాడు. దారం కోశాడు, స్లీవ్ చీల్చాడు, నాలుగు తీగల్లో ఒకదాని జాయింట్ కత్తిరించి అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఇటు రా. ఇది ఎటు దిక్కు తిరిగింది?"

యామిని చూసింది. రాగి మెలిక ముత్యాల సరంలా నున్నగా ఉంది. తిరిగింది ఎడమకు.

"నాది పుర్ర చెయ్యి. నా మెలిక ఎడమకే తిరుగుతది. నువ్వు ఏడేండ్లల ఎన్నడన్న ఎడమకు తిప్పినవా?"

ఆమె తల వంచుకుంది.

"నా ఒట్టు నువ్వు మోస్తవా బిడ్డా? పని నేర్పిన గని అబద్ధం నేర్పలే." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. "పొద్దటి సంది ఆ సంచి పట్టుకొనే తిరుగుతున్నవ్. అండ్ల ఏమున్నదో తియ్యి."

యామిని కాగితం తీసి ఇచ్చింది. సోమయ్య కళ్ళద్దాలు పెట్టుకుని మడతలు విప్పాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ బొమ్మకు భాష అక్కర్లేదు కదా. ఐరన్ మీద కొట్టిన ఎర్ర గీతను బొటనవేలితో ఒకసారి తుడిచి చూశాడు, మరకేమో అన్నట్టు.

"ఎందుకట?"

"ఈ సెన్సర్‌కు ఒక దిక్కు పొగ, ఒక దిక్కు మంచి గాలి కావాలె ఉస్తాద్. రెండిటినీ తక్కెడల పెట్టినట్టు తూచి చూస్తది. ఆ మంచి గాలి దీని తీగల లోపలినుంచే పోతది. రాగి పోగుల మధ్య సన్నటి సందులుంటయి గదా, అండ్లకెళ్ళి. మనం టంకం పోసినం, పైన గమ్ స్లీవ్ వేసినం. సందులన్నీ మూసుకున్నయి. లోపలున్న గాలి అయిపోయేదాక మంచిగనే చెప్తది. తర్వాత తక్కెడల ఒక పళ్ళెం ఖాళీ. పెట్రోల్ చాలుతలేదని తప్పు చెప్తది, కంప్యూటర్ ఇంకింత పోస్తది."

"అంటే, ఇది తీగతోటి గాలి పీలుస్తదా?"

"అవును."

"నా జాయింట్ ఖరాబుండి గాదు..."

"కాదు ఉస్తాద్. మరీ మంచిగుండి."

సోమయ్య కాగితాన్ని వెలుగుకు పెట్టి మళ్ళీ చూశాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వు కాదది, గారడీ చూసిన పిల్లవాడి నవ్వు.

"యాభై ఏండ్లు గాలి దూరొద్దని పాణం పెట్టి పని చేసిన. గాలి కావాలనే తీగ ఒకటి ఉంటదని ఎవడనుకున్నడు! ఎవరు చేసిన్రో గని, దిమాక్ ఉన్నోళ్ళు."

యామినికి కళ్ళు చెమ్మగిల్లాయి. తన యాభై ఏళ్ళ విద్య తప్పైన క్షణంలో కూడా కొత్త సంగతి తెలిసిందని సంబరపడే మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు. ఇలాంటివాడి దగ్గర కదా నేను పని నేర్చుకున్నాను అనుకుంది గర్వంగా.

సోమయ్య కాగితం మడిచి యామిని చేతికిచ్చాడు. ఓంప్రకాశ్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ప్రకాశ్, తప్పు నాది. వారం దినాలు నలుగుట్ల నిన్ను బద్నాం చేసిన. మాఫ్ చెయ్యి."

తర్వాత బల్ల దగ్గరికి పోయి ఐరన్ ప్లగ్గు పీకాడు. చల్లారేదాకా నిలబడి, తీగ చుట్టలు చుట్టి, రెండు చేతులతో యామినికి అందించాడు.

"ఇవ్వాళ్ళ నువ్వు ఉస్తాద్, నేను బత్తి పట్టుకుంట. షురూ చెయ్యి."

అన్న మాట ప్రకారం టార్చి పట్టుకున్నాడు. యామిని చాప మీద పడుకుంది, ఆయన పక్కన ఒంగి కూర్చున్నాడు. ఆమె టంకం పడిన ముక్కలన్నీ కత్తిరించి పారేసింది. సెన్సర్ సొంత తీగలను, రెండు తెల్లవి, ఒక నల్లది, ఒక బూడిద రంగుది, వాటి ప్లగ్గు వైపు ముక్కలతో రంగుకు రంగు కలిపి, థింబుళ్ళనే చిన్న రాగి తొడుగుల్లో దూర్చి ప్లయర్‌తో నొక్కింది. టంకం లేదు, గమ్ లేదు. పోగుల మధ్య గాలికి దారి ఉంది. ఆ తీగను అంతటితో వదిలేసి, కప్లర్ అనే ఆ ప్లగ్గుకు అవతల, బండి వైపు నుంచి వచ్చే వైరింగును రెండడుగులు పొడిగించడానికి సిద్ధమైంది.

"అక్కడ టంకం పెట్టొచ్చా?" అన్నాడు సోమయ్య.

"ఇది బండి తీగ ఉస్తాద్, గాలి పీల్చేది కాదు. ఇక్కడ మన జాయింటే మంచిది."

"మన జాయింట్" అన్న మాటకు ఆయన తల ఊపాడు. ఐరన్ వేడెక్కింది. యామిని మొదటి మెలిక మీద టంకం తాకించబోతుంటే, "జెర ఆగు, తీగ కాగనియ్యి" అన్నాడు. "ఆఁ, ఇప్పుడు." ఎడమ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. చటుక్కున దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడు జాయింట్లయ్యేదాకా జేబులోంచి తియ్యలేదు. యామిని ఇదంతా చూస్తూనే ఉంది. చూడనట్టు పని చేసుకుపోయింది. గొట్టం వేడి తగలకుండా తీగను చాసిస్ వెంట పైకి తీసుకెళ్ళి క్లిప్పులు బిగించింది.

ఈసారి మీటరు పది నిమిషాలు ఊగింది, ఇరవై నిమిషాలు ఊగింది, టీలు తాగి గ్లాసులు పక్కన పెట్టేసరికి కూడా ఊగుతూనే ఉంది. ఇంద్రజకు నమ్మకం చాలలేదు. బండి తీసుకుని బోయిన్‌పల్లి దాటి, సుచిత్ర దాకా వెళ్ళి, ముప్పావుగంటకు వచ్చింది. దిగకుండానే కిటికీలోంచి అరిచింది.

"లైటు రాలేదండీ! పొగ లేదు, కంపు లేదు, బండి కొత్తగా పుట్టినట్టుంది!"

దిగి వచ్చి సోమయ్యకు దణ్ణం పెట్టింది. "మా ఆఫీసులో ఒక తప్పు ఎవరిదో తేలాలంటే నాలుగు మీటింగులు పెడతారండి. అయినా తేలదు. మీరు చెయ్యి తుడుచుకున్నంత సేపట్లో ఒప్పుకున్నారు. అనంతగిరిలో నేను గెలిచినా గెలవకపోయినా, ఈ సంగతి మాత్రం అందరికీ చెబుతాను."

"నాకు గాదమ్మా, ఆ బిడ్డకు పెట్టు దండం. కాగితం చదివింది అది" అన్నాడు సోమయ్య. ఇంద్రజ యామినిని దగ్గరికి తీసుకుని భుజం తట్టి, బండెక్కి వెళ్ళిపోయింది.

షెడ్డులో ముగ్గురు మిగిలారు. ఓంప్రకాశ్ అటూ ఇటూ తిరిగాడు, ఇటుకల్ని కాలితో తన్నాడు, ఎవరికో ఫోన్ చేసి ట్రాలీ పంపించమని, ఇటుకలు వద్దని చెప్పాడు. గెలిచినవాడు ఎగిరి గంతేయాలి గానీ, ఆయన సోమయ్య ఖాళీ బల్ల వైపే చూస్తున్నాడు. యామిని పక్కనున్న ఐరన్ తీసుకెళ్ళి సోమయ్య ముందు చాపాడు.

"పట్టు సోమన్నా."

"ఒట్టు పెట్టిన గదా."

"ఎవరి మీద పెట్టినవ్? నా మీది కోపంతోటి పెట్టినవ్. నాకే కోపం లేదు ఇప్పుడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఇరవై ఆరేండ్లల ఒక్క జాయింట్ తప్పింది, దానికి చెయ్యి కట్టేసుకుంటరా ఎవరన్న?"

యామిని ఉస్తాద్ చేతి వైపే చూసింది. ఒక్కసారి ఆయన వేళ్ళు ఆ పిడిని పట్టుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది. సోమయ్య చెయ్యి చాపాడు కూడా. కానీ మధ్యలో ఆగిపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. లెక్క పెడుతున్నాడని ఆమెకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

"ఒక్కటి గాదు ప్రకాశ్" అన్నాడు సోమయ్య. "గీ మూడేండ్లల గిట్ల సెన్సర్ తీగ పొడుగు చేసినవి మొత్తం ఐదు బండ్లు. ఈ జిప్సీ ఐదోది. తిరుమలగిరి డాక్టరమ్మ కారొకటి. కార్ఖానా పూల వ్యాన్ ఒకటి. అల్వాల్ మాస్టరుది ఒకటి. అన్నీ విప్పాలె. వాళ్ళ ఇండ్లకు పోయి చెప్పి విప్పాలె."

"విప్పుదాం. నేను సుత వస్తా. గిదానికే ఇంత పరేషాన్ అయితవా?" అని ఓంప్రకాశ్ నవ్వాడు.

"నాలుగే చెప్పిన. మొదటిది చెప్పలే." సోమయ్య ఓంప్రకాశ్ కళ్ళలోకి చూశాడు. "మొదటిది నీ తెల్ల వ్యాన్."

ఓంప్రకాశ్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. యామినికి మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఆ వ్యాను ఆమెకు తెలుసు, ఆ రోజూ తెలుసు. ఓంప్రకాశ్ తమ్ముడు జ్ఞానేశ్వర్ ఆ వ్యానులో సైలెన్సర్లు వేసుకుని ఊరంతా తిరిగేవాడు. బండి ఉన్నట్టుండి పెట్రోలు తెగ తాగడం మొదలుపెట్టింది. ఇంజిన్ అంతా బాగానే ఉంది కాబట్టి, పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడని ఓంప్రకాశ్ తీర్మానించాడు. ఇదే షెడ్డులో, అందరూ చూస్తుండగా, తమ్ముణ్ణి దొంగ అని చెంప మీద కొట్టాడు. జ్ఞానేశ్వర్ వ్యాను తాళం చెవులు బల్ల మీద పెట్టి, తల్లిని తీసుకుని అల్వాల్ వెళ్ళిపోయాడు. ఈ మూడేళ్ళలో తల్లిని చూడాలనిపించినప్పుడల్లా ఓంప్రకాశ్, తమ్ముడు డ్యూటీకి పోయిన సంగతి కనుక్కుని మరీ వెళ్ళి చూసి వస్తున్నాడు.

"ఎప్పుడు చేసినవ్?" అన్నాడు ఓంప్రకాశ్.

"బోనాల ముందర. కొత్త గొట్టం నువ్వే బిగించినవ్, యాదికున్నదా? తీగ అందకపోతే నేనే పొడుగు చేసిన."

"జ్ఞాను ఇల్లిడిచి పోయింది..."

"బోనాల తర్వాత."

సోమయ్య ఈ ఒక్కటీ చెప్పకుండా మింగేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఐరన్ చేతికొచ్చేది, గోడ లేచేది కాదు, ఇరవై ఆరేళ్ళ స్నేహం ఎప్పటిలా సాగేది. అంతా చేతికందిన నిమిషంలో ఈ మనిషి దాన్ని తోసేశాడు. యామినికి ఆయన మీద ప్రేమా, భయమూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

ఓంప్రకాశ్ ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. తిడతాడేమో, మీద పడతాడేమో అని యామిని ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన తిట్టలేదు.

"వాడు అమ్మ మీద ఒట్టు పెట్టిండు సోమన్నా" అన్నాడు. "నీ ఒట్టు నువ్వు నిలబెడ్తవని నమ్మిన. వాని ఒట్టు నమ్మలే."

జేబులోంచి ఫోను తీశాడు. తమ్ముడి పేరు ఎప్పుడో తీసేశాడు, నంబరు మాత్రం నోటికి వచ్చు. ఒక్కొక్క అంకె నొక్కి, స్పీకర్‌లో పెట్టాడు. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎవరో ఎత్తారు. వెనక ఆటోల మోత వినిపించింది.

"హలో, ఎవరు?"

ఓంప్రకాశ్ నోరు తెరిచాడు.

"హలో? ఎవరుల్లా, మాట్లాడరేంది?"

ఓంప్రకాశ్ ఫోనును సోమయ్య వైపు చాపాడు. సోమయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"జ్ఞానేశ్వర్, నేను సోమయ్యను. ఫోన్ పెట్టేయకు. మీ అన్న సుత ఇక్కడనే ఉన్నడు." ఒక్క క్షణం ఆగాడు. "నీ పెట్రోల్ దొంగ దొరికిండు బిడ్డా."

అవతల ఆటోల మోత తప్ప ఏమీ లేదు. ఫోను కట్టయిందేమోనని యామిని తొంగి చూసింది. కట్ కాలేదు. చివరికి జ్ఞానేశ్వర్ గొంతు వినిపించింది, మూడేళ్ళ కోపం ఒక్క పిసరు కూడా చల్లారని గొంతు.

"ఎవడు వాడు?"